మొదటి ప్రపంచ యుద్ధంలో భారతీయ ముస్లిములు

1914 నుంచి 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధానికి మన పాఠ్యగ్రంథాలలో రెండు మూడు పుటలకు మించి చోటు ఉండదు. ఆస్ట్రియా యువరాజు హత్య, ఐరోపా రాజ్యాల కూటములు, చివర వెర్సెయిల్స్ సంధి, ఇంతటితో ఆ కథ ముగుస్తుంది. ఖిలాఫత్ ఉద్యమం మాత్రం ఆ తరువాతి అధ్యాయంలో ఆకాశం నుంచి ఊడిపడినట్లు వస్తుంది. ఎక్కడో దూరాన ఉన్న తురుష్క సుల్తాను కోసం భారతీయ ముస్లిములు అంతగా ఎందుకు కలత చెందారన్న ప్రశ్నకు చాలామంది రచయితలు 'మతావేశం' అన్న ఒక్క మాటతో జవాబు చెప్పి ఊరుకుంటారు. ఆ జవాబు చాలదు. ఆ కలతకు మూలం ఒక వాగ్దానం. దానిని నమ్మి వేలాది ముస్లిం సిపాయిలు స్వయంగా ఖలీఫా సైన్యాలమీద తుపాకి ఎత్తారు. వారు యుద్ధరంగంలో ఏమి చూశారో, వారి వెనుక ఇక్కడ దేశంలో ఏమి జరిగిందో తెలిస్తేగాని ఖిలాఫత్ ఉద్యమం అర్థం కాదు.

1914 ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీమీద యుద్ధం ప్రకటించగానే భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్లే అయింది. ఈ దేశ ప్రజలను అడిగినవారు లేరు. అయినా కాంగ్రెసు నాయకులు, ముస్లిం లీగు నాయకులు, సంస్థానాధీశులు అందరూ తమ విధేయతను ప్రకటించారు. యుద్ధం ముగిసేలోగా పదమూడు లక్షలకు పైగా భారతీయులు సిపాయిలుగా, కూలీలుగా, ఆసుపత్రి సేవకులుగా, కంచర గాడిదలను తోలేవారుగా ఆ సైన్యంలో పనిచేశారు. ఫ్రాన్సు, బెల్జియం, తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు, గల్లిపోలి, పాలస్తీనా, వీరు వెళ్లని రంగం లేదు. అన్నిటికన్నా ఎక్కువమంది, సుమారు 5 లక్షల 88 వేలమంది, ఇరాక్‌కు వెళ్లారు. దాదాపు 74 వేలమంది తిరిగి రాలేదు. ఒక్క పంజాబీ ముస్లిములే 1 లక్ష 36 వేలమంది దాకా చేరారు. మరే వర్గం నుంచీ ఇంతమంది చేరలేదని సైన్యపు లెక్కలు చెబుతున్నాయి.

కాలిబంటు సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. ఆ పదకొండు రూపాయలను తేలికగా తీసుకోకూడదు. రావల్పిండి, జీలం జిల్లాల్లో సేద్యమంతా వానమీద ఆధారపడినది; వాన తప్పితే ఇంటికి వచ్చేది ఆ జీతమే. తాత, తండ్రి, కొడుకు ఒకే పటాలంలో పనిచేసిన కుటుంబాలు అక్కడ ఎన్నో ఉండేవి. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయరాదన్న భావం, ఊరిలో పరువు, పెన్షను ఈ మూడూ కలిసి సిపాయిని కట్టి ఉంచాయి. మొదట్లో వారి ముందున్న శత్రువు జర్మనుడు. ధర్మసందేహానికి తావు లేదు. జీలం జిల్లాకు చెందిన ఖుదాదాద్ ఖాన్ 129వ బలూచీ దళంలో సిపాయి. 1914 అక్టోబరు 31న బెల్జియంలోని హోల్‌బెక్ వద్ద తన మెషీన్‌గన్ జట్టులో మిగతావారంతా మరణించగా, తాను గాయాలతో పడిఉండి, చనిపోయాడని శత్రువు వదిలివెళ్లాక పాకుతూ తన దళాన్ని చేరుకున్నాడు. విక్టోరియా క్రాస్ పొందిన మొదటి భారతీయ సైనికుడు ఆయనే. తారీఖును గమనించండి. దానికి రెండు రోజుల ముందే, అక్టోబరు 29న, టర్కీ నౌకలు నల్ల సముద్రంలో రష్యా రేవులమీద గుండ్లు కురిపించాయి. ఆ రోజునుంచి ముస్లిం సిపాయి పరిస్థితి పూర్తిగా మారిపోయింది.

బ్రిటిష్ ప్రభుత్వానికి ఈ సంగతి బాగా తెలుసు. టర్కీతో యుద్ధం లాంఛనంగా మొదలు కాకముందే, 1914 నవంబరు 2న, భారత ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. దాని సారాంశం ఇది: ఈ యుద్ధానికి మతంతో సంబంధం లేదు, భారతీయ యాత్రికులకు ఆటంకం కలగనంతకాలం అరేబియాలోని పవిత్ర స్థలాలమీద, ఇరాక్‌లోని పుణ్యక్షేత్రాలమీద, జిద్దా రేవుమీద బ్రిటిష్ సేనలు దాడి చేయవు. ఫ్రాన్సు, రష్యాలు కూడా ఇదే హామీ ఇచ్చాయి. నవంబరు 14న ఇస్తాంబూలులోని ఫాతిహ్ మసీదులో షేఖుల్ ఇస్లాం పేర వెలువడిన ఫత్వాను చదివారు. బ్రిటన్, ఫ్రాన్సు, రష్యాల పాలనలో ఉన్న ముస్లిములందరూ ఆ ప్రభుత్వాలపై జిహాద్ చేయటం విధి అని, ఖలీఫా సేనలకు ఎదురు నిలిచి పోరాడటం మహాపాపమని ఆ ఫత్వా సారాంశం.

ఇక్కడ కొంత వివరణ అవసరం. ఆ ఫత్వా విని భారతీయ ముస్లిములు మూకుమ్మడిగా తిరగబడలేదు. దీనిని కొందరు పిరికితనంగాను, కొందరు రాజభక్తిగాను చిత్రించారు. రెండూ తొందరపాటు తీర్పులే. షరీఅత్ దృష్టిలో 'అహద్' అంటే ఒడంబడిక చాలా బరువైన విషయం. ఒక పాలకుని రక్షణలో ఉంటూ, అతను మత స్వేచ్ఛకు అడ్డు రానంతకాలం, ముస్లిం తన మాటకు కట్టుబడి ఉండాలన్నది ఫిఖ్‌హ్ పండితులు దీర్ఘంగా చర్చించిన అంశం. 1803 ప్రాంతంలో షా అబ్దుల్ అజీజ్ ఢిల్లీని దారుల్ హర్బ్‌గా పేర్కొన్ననాటినుంచి ఈ చర్చ మన దేశంలో ఆగలేదు. 1914లో ఉలమాలలో పలువురు ఇది రాజ్యాల మధ్య యుద్ధమేగాని ధర్మయుద్ధం కాదన్నారు. ఖలీఫా కూటమిలోనే జర్మనీ, ఆస్ట్రియాలు ఉన్నప్పుడు ఇది ఎలాంటి జిహాద్ అని అడిగినవారున్నారు. 'జర్మనీలో తయారైన' జిహాద్ అని డచ్చి పండితుడు స్నౌక్ హుర్‌గ్రోన్యే 1915లో ఎద్దేవా చేశాడు. ఆ ఎద్దేవాలో కొంత నిజం ఉంది. కాని నవంబరు 2 నాటి వాగ్దానం లేకపోతే పై వాదాలేవీ సిపాయి మనసును సమాధానపరచగలిగేవి కావు. ముస్లిం విధేయతకు షరతు అదే.

హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కూడా అదే నెలలో ఒక ప్రకటన చేసి ముస్లిములు బ్రిటిష్ పక్షాన నిలవాలని కోరాడు. ఆయన లాన్సర్ల దళం మైసూరు, పాటియాలా అశ్వికులతో కలిసి సూయజ్ కాలువ రక్షణకు ఈజిప్టు వెళ్లింది. ఆ విధంగా తెలుగునేలను ఏలిన ముస్లిం సంస్థానపు సైనికులు కూడా ఖలీఫా సేనలకు ఎదురు నిలిచారు. ఇదే నిజాం 1924 తరువాత, పదవి కోల్పోయి ఫ్రాన్సులో తలదాచుకున్న చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌కు భరణం పంపాడు. 1931లో ఆయన కుమార్తె దుర్రె షెహ్వార్‌ను తన పెద్ద కోడలుగా తెచ్చుకున్నాడు. చరిత్ర ఒక్కొక్కసారి ఇలాంటి చిత్రాలు చేస్తుంది.

మౌనంగా ఉన్నవారు ఎక్కువే అయినా, ఉండలేనివారూ ఉన్నారు. 1915 జనవరిలో రంగూనులో 130వ బలూచీ దళంలోని సిపాయిలు యుద్ధరంగానికి వెళ్లటానికి నిరాకరించి శిక్షలు అనుభవించారు. ఫిబ్రవరి 15న సింగపూరులో 5వ లైట్ ఇన్‌ఫాంట్రీ తిరగబడింది. తమను తురుష్కులమీదికి పంపుతున్నారన్న వదంతి అందుకు ఒక కారణం. నిజానికి ఆ దళాన్ని హాంకాంగు పంపదలచారు. తిరుగుబాటు అణిగాక నలభై మందికి పైగా సిపాయిలను చెరసాల గోడ ముందు నిలబెట్టి జనమంతా చూస్తుండగా కాల్చివేశారు. 1916లో బస్రా వద్ద 15వ లాన్సర్ల దళంలోని ముస్లిములు నాలుగు వందలకు పైగా, పవిత్ర స్థలాల వైపు నడిచి తోటి ముస్లిములతో పోరాడలేమని చెప్పి ద్వీపాంతర శిక్షకు గురయ్యారు. బగ్దాదులో హజ్రత్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ (రహ్మతుల్లాహి అలైహి) సమాధి ఉన్నదని, పంజాబు పల్లెల్లో ఆయన పేరు ఎరుగని ఇల్లు లేదని జ్ఞాపకం పెట్టుకుంటే ఈ నిరాకరణను అర్థం చేసుకోవటం కష్టం కాదు.

ఒకే కుటుంబం రెండు దారులు పట్టిన ఉదంతం కూడా ఉంది. మీర్ దస్త్, మీర్ మస్త్ ఇద్దరూ అఫ్రీదీ తెగకు చెందిన అన్నదమ్ములు, ఇద్దరూ బ్రిటిష్ సైన్యంలో జమేదారులు. 1915 మార్చి మొదటి వారంలో ఒక రాత్రి మీర్ మస్త్ కొందరు అఫ్రీదీలను వెంటబెట్టుకొని ఫ్రాన్సులో కందకాలు దాటి జర్మనుల పక్షం చేరాడు. తరువాత కాబూలుకు బయలుదేరిన జర్మన్ రాయబార బృందంతో కలిసి వెళ్లాడు. రెండు నెలలైనా గడవకముందే, ఏప్రిల్ 26న, మీర్ దస్త్ ఈప్ర్ వద్ద విషవాయువు మధ్య తన తోటివారిని మోసి రక్షించి విక్టోరియా క్రాస్ పొందాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ధైర్యవంతుడని అడగటం వ్యర్థం.

సిపాయి మనసుకోసం రెండు సామ్రాజ్యాలూ పోటీపడ్డాయి. బెర్లిన్‌కు దక్షిణంగా వున్‌స్‌డార్ఫ్‌లో ముస్లిం యుద్ధఖైదీలకోసం 'నెలవంక శిబిరం' ఏర్పరచి 1915లో ఒక చెక్క మసీదు కట్టించారు. జర్మనీ గడ్డమీద ముస్లిముల నమాజుకోసం కట్టిన మొదటి మసీదు అదే అంటారు. ఆ శిబిరంలోని ఖైదీల గొంతులను జర్మన్ భాషావేత్తలు రికార్డులకు ఎక్కించారు. అవి నేటికీ బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఇటు ఇంగ్లండులో బ్రైటన్ పట్టణపు రాజభవనాన్ని భారతీయ గాయపడ్డవారికి ఆసుపత్రిగా మార్చారు. మతాల ప్రకారం వేరువేరు వంటశాలలు, వేరువేరు నీటి కొళాయిలు అమర్చారు. ముస్లింలను సరిగా ఖననం చేయటంలేదని జర్మనులు ప్రచారం చేయటంతో, వోకింగ్ మసీదుకు దగ్గరలో గోపురాలు, తోరణాలతో ప్రత్యేకంగా ఒక ఖబరస్తాను కట్టారు. ఇదంతా కేవలం దయ అనుకోవటం అమాయకత్వం. అలాగని ఆ అన్నం తిన్నవాడికి, ఆ మట్టిలో నిద్రించినవాడికి దాని విలువ తగ్గదు.

ఇరాక్ కథ వేరు. అక్కడ రాజభవనాలు లేవు. 1915 నవంబరులో జనరల్ టౌన్‌షెండ్ సేన బగ్దాదును పట్టుకోబోయి, దానికి కొద్ది దూరంలో దెబ్బతిన్నది. ఆంగ్ల చరిత్రలన్నీ ఆ చోటును 'టెసిఫాన్' అంటాయి. అక్కడి ముస్లిములకు అది సల్మాన్ పాక్. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సహచరులైన హజ్రత్ సల్మాన్ ఫారసీ (రజి) సమాధి అక్కడే ఉంది. వెనుదిరిగిన సేన కూత్ పట్టణంలో 147 రోజులు ముట్టడిలో చిక్కుకుంది. తిండి అయిపోయి గుర్రాలను కోయవలసి వచ్చినప్పుడు హిందూ, ముస్లిం సిపాయిలు ఆ మాంసం ముట్టలేదు. భారతదేశంలోని మతపెద్దల అనుమతిని తంతి ద్వారా తెప్పించినా చాలామంది చివరి వారాల వరకు ఒప్పుకోలేదు. ఊరిలో పంక్తినుంచి వెలివేస్తారన్న భయం ఆకలికన్నా బలమైనది. 1916 ఏప్రిల్ 29న దాదాపు 13 వేలమంది లొంగిపోయారు; వారిలో అత్యధికులు భారతీయులే.

ఖైదీలను ఎడారి దారిన నడిపించి రాసుల్ ఐన్ వంటి చోట్ల రైలుమార్గపు పనిలో పెట్టారు. ముస్లిం ఖైదీలను వేరుచేసి కొంత ఆదరించినమాట నిజమే. కాని వారిలోనూ జబ్బులతో చనిపోయినవారు ఎందరో. ఆ దారిలోనే వారు ఆర్మీనియనుల ఊచకోతల జాడలు చూశారు. కూత్‌లో పట్టుబడిన వైద్య సేవకుడు శిశిర్ సర్వాధికారి బెంగాలీలో వ్రాసిన జ్ఞాపకాలలో ఆ దృశ్యాలు ఉన్నాయి. ఇది మనకు ఇబ్బంది కలిగించే విషయం. కాని ఖలీఫా పేర రాజ్యం నడిపిన యువ తురుష్క నాయకుల చేతలను దాచిపెట్టి ఖిలాఫత్ చరిత్ర వ్రాస్తే అది చరిత్ర అనిపించుకోదు.

ఇక స్వదేశం సంగతి. యుద్ధం దక్షిణాదికి మొదట సముద్రం మీదుగా వచ్చింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి 'ఎండెన్' అనే జర్మన్ నౌక మద్రాసుమీద గుండ్లు పేల్చి రేవు ప్రక్కనున్న నూనె ట్యాంకులను తగులబెట్టింది. వేలాదిమంది మూటాముల్లె సర్దుకొని పట్నం వదిలారు. కాని అసలు యుద్ధం ధరల రూపంలోనూ, చట్టాల రూపంలోనూ వచ్చింది. 1915 మార్చిలో భారత రక్షణ చట్టం వచ్చింది. విచారణ లేకుండా నిర్బంధించే అధికారం అందులో ఉంది. దానికి ముందే మౌలానా అబుల్ కలాం ఆజాద్ 'అల్ హిలాల్' మూతపడింది. ఆయన 1916 నుంచి 1919 చివరి వరకు రాంచీలో నిర్బంధంలో ఉన్నారు. మౌలానా మహమ్మదలీ, షౌకతలీ సోదరులను 1915 మేలో నిర్బంధించారు. 1912లో బాల్కన్ యుద్ధ సమయంలో డాక్టర్ అన్సారీ నాయకత్వాన టర్కీకి వైద్య బృందాన్ని పంపిన తరం ఇది. రెండు మూడేళ్లలోనే ఆ సానుభూతి నేరమైంది.

1917లో భారత ప్రభుత్వం యుద్ధ ఖర్చులకు బ్రిటన్‌కు 10 కోట్ల పౌన్ల 'కానుక' ప్రకటించింది. ఆ కానుకను తీర్చింది ఇక్కడి రైతు. పంజాబులో మైకేల్ ఒడ్వయర్ పాలనలో ఊరూరికీ ఇంతమంది సిపాయిలని లెక్కకట్టి తహసీల్దార్లు, లంబర్దార్లు పట్టుకుపోయారు. 1918లో వానలు తప్పాయి. ఆ సెప్టెంబరులో మద్రాసు నగరంలోనూ, ప్రెసిడెన్సీలోని ఇతర తావుల్లోనూ జనం ధాన్యం అంగళ్లను దోచారు. అదే సమయానికి ఇన్‌ఫ్లూయెంజా వచ్చింది. జూన్‌లో బొంబాయి రేవులో అడుగుపెట్టిన ఆ జబ్బు సంవత్సరం తిరిగేలోగా కనీసం 1 కోటి 20 లక్షలమందిని బలితీసుకుంది. యుద్ధరంగాలన్నిటిలో చనిపోయిన సిపాయిలకు ఇది నూట అరవై రెట్లు.

ఇంతకీ ఆ వాగ్దానం ఏమైంది? 1916 జూన్‌లో మక్కా షరీఫు హుసేన్ ఖలీఫాపై తిరగబడ్డాడు. ఆయనకు సహాయంగా బ్రిటిష్ నౌకలు జిద్దాలోని తురుష్క స్థావరాలమీద గుండ్లు కురిపించాయి. దాడి చేయబోమని ప్రభుత్వం పేరుపెట్టి చెప్పిన రేవు జిద్దాయే. ఆ నౌకలలో ఒకటి భారత నౌకాదళానికి చెందిన 'హార్డింజ్'. వాగ్దానం చేసిననాటి వైస్రాయి పేరు కూడా హార్డింజే. ఓడకు ఆ పేరు అంతకు ముందునుంచే ఉంది, కాని బజారులో వ్యంగ్యానికి అంతకన్నా ఏమి కావాలి? షరీఫు చర్యను భారతీయ ముస్లిం నాయకులు లక్నోలో బహిరంగంగా ఖండించారు. దేవబంద్ పెద్దలు షేఖుల్ హింద్ మౌలానా మహ్మూదుల్ హసన్ అప్పుడు హిజాజ్‌లో ఉన్నారు. తురుష్కులకు వ్యతిరేకమైన ఫత్వాపై సంతకం పెట్టటానికి నిరాకరించారు. షరీఫు మనుషులు ఆయనను బ్రిటిష్ వారికి అప్పగించారు. 1917 నుంచి 1920 వరకు ఆయన మాల్టా ద్వీపంలో ఖైదీ. శిష్యుడు మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ వెంటే ఉన్నారు. మరో సహచరుడు హకీం నుస్రత్ హుసేన్ ఆ ద్వీపంలోనే కన్నుమూశారు.

1917 డిసెంబరులో బైతుల్ మఖ్దిస్ బ్రిటిష్ వశమైనప్పుడు జనరల్ ఆలన్‌బీ అక్కడి పవిత్ర మసీదు చుట్టూ భారతీయ ముస్లిం సైనికులను కాపలా పెట్టాడు. సలాహుద్దీన్ విడిపించిన నగరం అది. 1918 జనవరి 5న బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జి, తురుష్కులనుంచి వారి రాజధానిని, ఆసియా మైనరును లాక్కోవటానికి తాము పోరాడటంలేదని ప్రకటించాడు. ఆ సంవత్సరం పటాలాలలో చేరినవారికి ఇది రెండవ హామీ. 1919 మేలో స్మిర్నాలో గ్రీకు సేనలు దిగాయి. 1920 మార్చిలో ఇస్తాంబూలు ఆక్రమణకు గురయింది. ఆగస్టులో సెవ్రె సంధి ఉస్మానీ రాజ్యాన్ని ముక్కలు చేసింది. ఇంటి దగ్గర సిపాయిలకు దక్కినవి రౌలట్ చట్టం, జలియన్‌వాలా బాగ్.

కనుక ఖిలాఫత్ నాయకులు అడిగినది కొత్త వరం కాదు. ఇచ్చిన మాట నిలుపుకొమ్మన్నారు. 1921 జూలైలో కరాచీ ఖిలాఫత్ మహాసభ బ్రిటిష్ సైన్యంలో కొనసాగటం ముస్లింకు హరాం అని తీర్మానించింది. 1914లో ఇస్తాంబూలు ఫత్వా చేయలేని పనిని ఏడేళ్ల అనుభవం చేసిందన్నమాట. గాంధీజీతో కలిసి మద్రాసు వెళుతున్న మౌలానా మహమ్మదలీని ఆ తీర్మానం కారణంగానే సెప్టెంబరు 14న మన వాల్తేరు రైల్వే స్టేషనులో అరెస్టు చేశారు. కరాచీలో జరిగిన విచారణలో మాల్టానుంచి తిరిగివచ్చిన మదనీ కూడా ముద్దాయి. వారికి రెండేళ్ల కఠిన శిక్ష పడింది.

ఇరాక్‌లో నేలకొరిగినవారికోసం 1929లో బస్రాలో ఒక స్మారకం ఆవిష్కరించారు. అందులో బ్రిటిష్ సైనికుల పేర్లన్నీ చెక్కారు. భారతీయులలో అధికారుల పేర్లు మాత్రమే చెక్కారు; మామూలు సిపాయిలకు పటాలం పేరు, దాని ప్రక్కన ఒక అంకె. 1997లో ఇరాక్ ప్రభుత్వం ఆ స్మారకాన్ని నగరం బయట ఎడారిలోకి తరలించింది. భారతీయులు, ఆఫ్రికన్లు, ఈజిప్షియన్లు కలిసి 45 వేలనుంచి 54 వేలమందికి సమాన గౌరవం దక్కలేదని 2021 ఏప్రిల్‌లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ నియమించిన సంఘమే ఒప్పుకుంది. పంజాబునుంచి వెళ్లినవారి పేర్లు మాత్రం ఊరివారీగా పుస్తకాలకెక్కి, సుమారు 3 లక్షల 20 వేలమందివి, లాహోరు మ్యూజియంలో దాదాపు వంద సంవత్సరాలు పడి ఉన్నాయి. అదే 2021లో జలంధర్, లుధియానా, సియాల్‌కోట్ జిల్లాల పట్టీలను అందరూ చూడటానికి వీలుగా విడుదల చేశారు. సిపాయి పేరు, తండ్రి పేరు, ఊరు, పటాలం, తిరిగి వచ్చాడా లేదా అన్నది ఒక్కొక్క వరుసలో వ్రాసి ఉంది.